వెబ్లీ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి ముందు రొయ్యల రేటు గురించి, తర్వాత తన మోకాళ్ళ గురించి మాట్లాడి, పెట్టేసే ముందు మెల్లగా అంది: "వాడు పిస్టల్ కొంటున్నాడంట అన్నయ్యా, నీకు చెప్పాడా?" చెప్పలేదు. నీకు లైసెన్స్ వచ్చిన సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. దరఖాస్తు, స్టేషన్ ఎంక్వైరీ, ఎస్పీ ఆఫీసు రిపోర్టు, ట్రైనింగ్ సర్టిఫికెట్, కలెక్టరాఫీసులో పడిగాపులు, అన్నీ ఎవరి సిఫార్సూ లేకుండా దాటుకుని వచ్చావంట. నా పేరైనా వాడుకోలేదంట. అందుకు గర్వంగా ఉంది. సర్వీసంతా పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్) హెడ్‌క్వార్టర్స్‌లో ఆర్మరర్‌గా తుపాకులు విప్పి బిగించిన మేనమామ నెల్లూరులోనే ఉంటే ఒక్క మాట అడగనందుకు కోపంగానూ ఉంది. రెండూ కలిపి ఈ ఉత్తరం అనుకో.

నువ్వు కొనబోయే పిస్టల్ ఫోటో మీ అమ్మ నాకు పంపింది. వెబ్లీ అండ్ స్కాట్, .32 బోరు, అంటే తూటా సైజు. పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగం, స్లైడ్ అంటారు, దాని మీద "7.65" అని కూడా చెక్కి ఉంటుంది, రెండూ ఒకటే సైజు. లండన్ పోలీసులు 1911లో తీసుకున్నది ఈ రకమే. పట్టుకుంటే చేతిలో ఇట్టే కుదురుతుంది, నాకు తెలుసు. నువ్వు దాన్ని చూసి మనసు పారేసుకున్నావంటే తప్పు పట్టను, నేనూ పారేసుకున్నవాణ్ణే. కానీ రొయ్యల చెరువుల దగ్గర భద్రత కోసమని మీ అమ్మతో అన్నావంట. ఆ మాట నాతో అనబాకు. రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు ఇప్పుడు నేరుగా బ్యాంకులో పడుతోంది. మోటార్లు, కేబుళ్ళు ఎత్తుకుపోయేవాడు నువ్వు ఇంట్లో నిద్రపోయేటప్పుడే వస్తాడు. వాడికి కావాల్సింది కెమెరా, కాపలా మనిషి, రెండు కుక్కలు. ఇష్టపడి కొంటున్నానని చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.

నీకు అమ్మజూపే ఆ పెద్దింటివాళ్ళు ఎనిమిది లక్షలు అడుగుతున్నారంట. ఆ రేటు చూసి అదేదో గొప్ప ఆయుధం అనుకోబాకు. 1980ల నుంచి మామూలు మనుషులకి ఫారిన్ తుపాకులు దిగుమతి చేసుకునే వీల్లేదు. అంతకు ముందు దేశంలోకి వచ్చినవే చేతులు మారుతున్నాయి, అందుకని ఆ ధర. కాన్పూరు ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ కొత్తది, బిల్లుతో సహా, దానికంటే చాలా తక్కువకి వస్తుంది. స్ప్రింగ్ పోతే అడగడానికి ఒక చోటుంటుంది. నీ వెబ్లీకి ఎవర్ని అడుగుతావు?

ఇక అసలు విషయానికొస్తా. మీ పెద్దమామ కందుకూరు దగ్గర పొలం ఎందుకు అమ్మాడో నీకు తెలుసా? పొగాకులో నష్టమొచ్చి అమ్మాడని మీ అమ్మ చెప్పుంటుంది. మేమంతా అట్టాగే చెప్పుకున్నాం.

ఆయన కొన్నది కూడా ఇదే. వెబ్లీ, .32. అమ్మినాయన పాత మోతుబరి, మర్యాదస్తుడు, ఒక్క అబద్ధం ఆడలేదు. "మా తాత కాలందయ్యా, స్ప్రింగ్ విరిగి ముప్పై ఏళ్ళయింది, పేలదు. పాత వస్తువు, దీనికి లైసెన్స్ ఏముంది" అన్నాడు. అన్నయ్య నమ్మాడు. పేలనిది తుపాకీ ఎట్టవుతుందని ఆయన వాదన. చట్టంలో ఆ మాట సగమే ఉంది. పాతకాలం నమూనాకి, పురాతన వస్తువుకి మినహాయింపు ఉన్నమాట నిజమే. కానీ రిపేరు చేసినా చెయ్యకపోయినా పేలే అవకాశం లేకపోతేనే అది వర్తిస్తుంది. రిపేరు చేస్తే పేలుతుందంటే అది తుపాకీయే, లైసెన్స్ ఉండాల్సిందే.

ఈ వెబ్లీలో రికాయిల్ స్ప్రింగ్, అంటే పేలాక స్లైడ్‌ని మళ్ళీ ముందుకి తోసేది, అన్నిట్లోలా చుట్టల స్ప్రింగ్ కాదు. పిడికి కుడివైపు పట్టీ ఊడదీస్తే కింద "వి" ఆకారంలో ఒక ఉక్కు రేకు ఉంటుంది. అన్నయ్య దాంట్లో విరిగింది అదే, రెండు ముక్కలు. షోకేసులో పెట్టుకుని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో కానీ, ఆయన చెయ్యి ఊరుకోదు కదా. ఊళ్ళో లేత్ మిషన్ పెట్టుకున్న కుర్రాడికి ఆ ముక్కలు చూపించి అట్టాంటిదే ఒకటి చేసిపెట్టమన్నాడు. ఆ పిల్లోడు టీ కొట్టు దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. ఎలక్షన్ల ముందు రోజులు. తెల్లారేసరికి ఇంటి ముందు జీపు.

ల్యాబ్ వాళ్ళు స్ప్రింగ్ మారిస్తే పేలుతుందని రాశారు. ఇంకేముంది? నేనప్పుడు యూనిఫాంలో ఉన్నాను. కోర్టు వరండాలో బల్ల మీద దొంగసారా కేసువాళ్ళ పక్కన మా అన్న, పంచె నలగకుండా జాగ్రత్తగా సర్దుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు, నాకు ఉద్యోగంలో ఇబ్బంది వస్తుందని. ఆ తర్వాత వాయిదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. చివరికి కేసు కొట్టేశారు. కానీ లాయర్లకి, తిరగడానికి, మధ్యలో దూరి "నేను చూసుకుంటా" అన్నవాళ్ళకి రెండెకరాల నల్లరేగడి పోయింది. అమ్మినాయన మీద కేసు పెడతామంటే మీ పెద్దమామ ఒప్పుకోలేదు. "ఆయనకీ తెలీదురా" అన్నాడు. చచ్చేదాకా అదే మాట.

లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే అప్పట్లో ఏడాది నుంచి మూడేళ్ళు జైలు. 2019లో ఆయుధాల చట్టం సవరించాక రెండేళ్ళ నుంచి ఐదేళ్ళు, జరిమానా అదనం. నీకు ఇద్దరు ఆడపిల్లలు.

అందుకే ఆ పెద్దింటివాళ్ళని ముందు అడగాల్సింది తుపాకీ గురించి కాదు. అది ఈ రోజు ఎవరి లైసెన్స్‌లో ఎక్కి ఉందని అడుగు. "తాతగారి పేరు మీద ఉంది" అన్నారంటే, తాతగారు లేరు కాబట్టి ఆ తుపాకీ ఇంట్లో ఉండనే కూడదు. స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి ఉండాలి. ఆ రసీదు చూపించమను. కొడుకు పేరు మీదికి మారి ఉంటే లైసెన్స్ గడువు, దాని మీద యూఐఎన్ (ప్రతి లైసెన్స్‌దారుకీ ఇచ్చే ప్రత్యేక నంబరు) చూడు. ఇంట్లో ఒకే మనిషి పేరు మీద ఇంకెన్ని ఉన్నాయో కూడా మాటల్లో కనుక్కో. ఒకప్పుడు మూడు ఉంచుకోవచ్చు, 2019 తర్వాత రెండే. మూడోది 2020 డిసెంబరుకల్లా అప్పగించాలి. ఇప్పుడు హడావిడిగా అమ్ముతున్నారంటే అది ఆ మూడోదేమోనని నాకు అనుమానం.

తుపాకీ మీద నంబరు, లైసెన్స్‌లో నంబరు, రెండూ కలవాలి. ఒక అంకె అరిగిపోయి ఉన్నా, రుద్దినట్టు ఉన్నా, కాఫీ తాగి వచ్చెయ్. ఇంకో సంగతి, నీ లైసెన్స్‌లో ఏ రకం రాసిచ్చారో, కొనడానికి ఎప్పటిదాకా గడువిచ్చారో నువ్వే చదువుకో. అమ్మేవాళ్ళు కలెక్టర్‌కో దగ్గర్లోని స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. "ముందు తీసుకుపో, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నవాడు ఎంత పెద్దమనిషైనా సరే, లేచి వచ్చెయ్. ఆ ఇంట్లో ఇంకేదైనా పాతది చూపించి, దాని మీద 9 ఎంఎం అనో .38 అనో .45 అనో ఉంటే ముట్టుకోనే బాకు. అవి ప్రొహిబిటెడ్ బోరు, అంటే నిషేధించిన సైజు, వాటికి లైసెన్స్ ఇవ్వడం కలెక్టర్ చేతిలో లేదు.

కాగితాలు సరిపోతే అప్పుడు వస్తువు. బ్యారెల్‌లోకి టార్చి వేసి చూస్తే లోపల గాడులు మెలికలు తిరుగుతూ స్పష్టంగా కనపడాలి. మన సముద్రం గాలికి పైన ఎంత నూనె రాసినా లోపల గుంటలు పడిపోతాయి. సీమ వైపు ఇళ్ళల్లో ఉన్నవి బాగుంటాయి, మన కోస్తా ఇళ్ళల్లోవి ఎక్కువగా పైకి మెరుగు, లోపల తుప్పు. నికెల్ పూత కొత్తగా కనపడితే ఇంకా అనుమానించాలి. కుడి పట్టీ ఊడదీసి ఆ "వి" స్ప్రింగ్ నేను చూస్తా, ఆ పని నాకు వదిలెయ్. తూటాల సంగతి కూడా తెలుసుకో. ఈ పిస్టల్‌కి .32 ఆటో తూటా, కాన్పూరు రివాల్వర్‌కి .32 లాంగ్. షాపులో రెంటినీ "ముప్పై రెండు" అనేస్తారు. ఒకదానికి చేసింది ఇంకోదాంట్లో వాడకూడదు.

ఇది మాత్రం బుర్రలో చెక్కుకో. మ్యాగజైన్, అంటే పిడిలో తూటాలుండే డబ్బా, తీసేస్తే పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. బ్యారెల్ వెనక తూటా కూర్చునే గూడు, చాంబర్‌లో, ఒకటి ఉండిపోవచ్చు. ముందు మ్యాగజైన్ తియ్, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని కంటితో చూడు, చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. మళ్ళీ చూడు. తుపాకీ నోరు ఎప్పుడూ మనుషులు లేని దిక్కుకే. ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్. వరస తప్పితే, స్లైడ్ లాగినప్పుడు కింద మ్యాగజైన్‌లోది పైకెక్కుతుంది, నువ్వేమో ఖాళీ చేశాననుకుంటావు. మా బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే తుపాకులు దాచే గదిలో, ఖాళీ చేసేటప్పుడు నోరు దాని వైపు పెట్టమని ఇసక డబ్బా పెట్టింది ఊరికే కాదు. తుపాకీ గురించి బాగా తెలిసినవాళ్ళే "ఖాళీదే" అంటూ నొక్కుతారు.

ఇంట్లో బీరువాలో చీరల కింద పెడతానంటే కొననే వద్దు. గోడకి బిగించిన ఇనప లాకరు, తాళం నీ మొలతాడుకి, తూటాలు ఇంకో చోట. చిన్నదానికి ఆరేళ్ళు, దానికి అందని చోటు మీ ఇంట్లో లేదు, అటక మీది జంతికల డబ్బా కూడా దించిన పిల్ల. పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళి గాల్లో పేల్చావని తెలిస్తే చట్టం సంగతి తర్వాత, ముందు నేనొస్తా. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు, విసుక్కోకుండా చెయ్, రసీదు తీసుకో. కారు డాష్‌బోర్డులో ఒక్క రాత్రి కూడా వదలబాకు.

ఇంతా చదివి "వద్దనే కదా మామ అంటున్నాడు" అనుకుంటావేమో. కాదు. కాగితాలు కడిగిన ముత్యంలా ఉండి, బ్యారెల్ బాగుండి, ధర ఐదుకి దిగితే కొను. ఏటా ఒకసారి నేనే విప్పి శుభ్రం చేసిస్తా, చేతులు ఇంకా వణకడం లేదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా కాన్పూరుది తీసుకో. లేదా ఆ డబ్బుతో రెండు ఏరేటర్లు వేసుకో, రొయ్యలైనా సుఖంగా ఉంటాయి.

అడ్వాన్సు యాభై వేలు ఇమ్మన్నారంట. ఇచ్చేశావా? ఇవ్వకపోతే ఆగు. ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పు, తిట్టను. ఆదివారం పొద్దున బస్సుకి కావలి వస్తా, అక్కడి నుంచి ఇద్దరం కలిసి ఆ పెద్దింటికి పోదాం. లైసెన్స్ పుస్తకం, ఆధార్, ఒక మంచి టార్చి తీసుకురా. నా కళ్ళజోడు నేను తెచ్చుకుంటా.

మీ మామ
నెల్లూరు