తమ్ముడి పక్కన కూర్చునే దేవదూత

ప్రశ్న: మేడం, మా తమ్ముడికి 19 ఏళ్లు. కాలేజీ మధ్యలో మానేశాడు, ఫ్రెండ్స్‌తో మాటల్లేవు, రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటాడు. ఈమధ్య నాకొక్కదానికే చెప్పాడు, బాగా ఏడుపొచ్చిన రాత్రుళ్లు పక్కన ఎవరో కూర్చున్నట్టు ఉంటుందంట, అది తన కావలి దూత అంటాడు. అమ్మానాన్నలకి చెప్తే పిచ్చి అంటారని భయం. వాడితో వాదించాలా, ఊరుకోవాలా? - ఒక అక్క

జవాబు: వాదించొద్దమ్మా. అలాంటిదేం లేదురా అంటే వాడి నమ్మకం పోదు, మీకు చెప్పుకోవడం మాత్రం మానేస్తాడు.

ఎవరో తోడున్నట్టు అనిపించడం కొత్తేం కాదు. 1916లో అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ ఇంకో ఇద్దరితో కలిసి దక్షిణ జార్జియా దీవిలో మంచుకొండలు దాటుతూ 36 గంటలు నడిచాడు, మేం ముగ్గురం కాదు నలుగురం ఉన్నట్టు అనిపించేది అని తర్వాత రాసుకున్నాడు. ఒంటరితనం, నిద్రలేమి, పెద్ద దుఃఖం ఉన్నప్పుడు మామూలు మనుషులకీ ఇలా అవుతుంది కాబట్టి అదొక్కటే చూసి జబ్బు అనలేం. దేవదూతే అని సర్టిఫికెట్ ఇవ్వడం కూడా నావల్ల కాదు లెండి.

నేనైతే ఇంకోటి అడుగుతా. ఆ దూత ఏమంటోంది? ఊరికే తోడు కూర్చుంటే, కాస్త పడుకో అన్నట్టుంటే ఉండనివ్వండి. ఎవర్నీ నమ్మొద్దు, ఫలానా పని చెయ్యి, నా దగ్గరికి వచ్చెయ్ అని చెప్తోందంటే, లేదా గొంతు బయట నుంచి వినిపిస్తోందంటే, ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. అది లేకపోయినా చదువు ఆగి నిద్ర తలకిందులైందంటే డాక్టర్‌కి చూపించాల్సిందే, డిప్రెషన్ కావచ్చు, దానికి ట్రీట్‌మెంట్ ఉంది. నిద్ర పట్టట్లేదు కదా దానికోసం వెళ్దాం అంటే వాడు కూడా సులువుగా వస్తాడు.

చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి కూడా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అలా ఏం కాదు, అడిగేవాళ్లు దొరికారని ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే మాత్రం వాణ్ని ఒంటరిగా వదలొద్దు, మాత్రల్లాంటివి అందకుండా చూడండి, వెంటనే అమ్మానాన్నలకి చెప్పి హాస్పిటల్‌కి వెళ్లండి. ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఉన్నా సరే.

బైబిల్లో ఏలీయా కథ మీకు తెలిసే ఉంటుంది (1 రాజులు 19). అంత పెద్ద ప్రవక్త ఎడారిలో చెట్టుకింద కూలబడి ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. దూత వచ్చి ఒక్క మాట మందలించదు, నీకంటే కష్టాలున్నోళ్లు లేరా అనదు, తట్టి లేపి లేచి తిను అంటుంది అంతే, రొట్టె, నీళ్లు పెట్టి ఉంటాయి. తిని మళ్లీ పడుకుంటాడు. పడుకోనిస్తుంది! రెండోసారి లేపి, నువ్వు చాలా దూరం వెళ్లాలి, ఓపిక చాలదు, తిను అంటుంది. మన ఇళ్లల్లో పిల్లలు ఇలా పడిపోతే ముందు లెక్చర్ మొదలుపెడతాం. మీరు రోజూ ఒక పూటైనా వాడితో కలిసి తినండి, సాయంత్రం కాసేపు నడవండి, మాట్లాడకపోయినా పర్లేదు.

ప్రశ్న: కావలి దూత ఉంటుందనేది క్రైస్తవుల నమ్మకం మాత్రమేనా?

జవాబు: కాదండి. మనిషికి ముందూ వెనకా ఉండి కాపాడేవాళ్ల గురించి ఖురాన్ 13వ సూరాలో (అధ్యాయంలో) ఉంది. క్రైస్తవులు చిన్నవాళ్ల దూతల గురించి యేసు చెప్పిన మాట (మత్తయి 18:10) చూపిస్తారు. క్యాథలిక్కులకి అక్టోబర్ 2న పండగ కూడా ఉంది, 1670లో పోప్ పదో క్లెమెంట్ దాన్ని చర్చి మొత్తానికీ వర్తింపజేశాడు. ప్రొటెస్టెంట్లలో తలో మాట. వాళ్ల తొలి గురువుల్లో ఒకరైన జాన్ కాల్విన్ అయితే మనిషికో దూత అని గట్టిగా చెప్పలేనన్నాడు, ఒక్కరు కాదు, దూతలంతా కలిసే ఒక్కో మనిషినీ చూసుకుంటారని ఆయన లెక్క.