గ్రీస్‌లో సెయిలింగ్: పడవ అద్దె ఒక్కటీ చూసి లెక్కేయకు

తమ్ముడూ, స్టుట్‌గార్ట్ వచ్చి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే ఆగస్టులో సైక్లేడ్స్ దీవులంటున్నావు, సంతోషమే. కానీ అద్దెని ఎనిమిది మందికి పంచి తలకింత అని రాశావే, 2014లో మేం వేసిన లెక్కా అదే.

ఏథెన్స్ దగ్గరి లావ్రియో రేవులో శనివారం పడవ తీసుకుంటే మళ్లీ శనివారం అప్పజెప్పాలి. అద్దె కట్టేశాం కదా అని వెళ్తే డిపాజిట్ 3000 యూరోలు కార్డు మీద బ్లాక్ చేయాలన్నారు, అంత లిమిట్ నా ఒక్కడి కార్డుకే ఉంది, నాదే గీశారు. పడవ నడిపే స్కిప్పర్‌కి రోజు కూలీ, అతని తిండి, డీజిల్, క్లీనింగ్, రేవులో నీళ్లు, కరెంటు అన్నీ విడిగా. కిత్నోస్ దీవి చేరేసరికి మెల్టెమి పట్టుకుంది, అది వేసవిలో ఉత్తరం నుంచి కొట్టే గాలి, జులై ఆగస్టుల్లో దాని జోరు. రెండు రోజులు కదల్లేదు, నాక్సోస్ దీవి చూడనేలేదు.

తిరుగు దారిలో ఒక రేవులో, అక్కడ ముందు లంగరు వేసి పడవని వెనక్కి పోనిచ్చి గట్టుకి తాళ్లు కడతారు, పక్కగాలి తోసేసరికి వెనక మూల గట్టుకి రాసుకుంది. అరచేతి వెడల్పు గీత. దానికి తోడు ఇంకోవైపు ముందునుంచే ఉన్న పగులు కూడా మా ఖాతాలోనే వేశారు, ఎక్కేటప్పుడు ఫొటోలు తియ్యలేదు మరి. 1100 యూరోలు పోయాయి. ఇద్దరు స్నేహితులు వాటా ఇవ్వడానికి ఏడాది తిప్పారు, అది డబ్బు కంటే ఎక్కువ బాధ.

అందుకే చెప్తున్నా, బయల్దేరక ముందే అందరి దగ్గరా కిట్టీ, అంటే ఉమ్మడి ఖర్చుల డబ్బు, వసూలు చెయ్యి, డిపాజిట్‌కి ఇన్సూరెన్స్ తీసుకో, ఎక్కగానే పడవంతా వీడియో తియ్యి, గట్టుకి వెళ్లొచ్చే చిన్న పడవ డింగీ, దాని మోటారుతో సహా. లైసెన్సు, వీసా రూల్స్ అధికారిక సైట్లలో ఉంటాయి, చూసుకో. రెసిడెన్స్ కార్డుతో పాటు పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి.

మొదటిసారికి గ్రీస్ పడమటి తీరంలోని అయోనియన్ దీవుల వైపు వెళ్లు, లేదంటే ఏథెన్స్ దగ్గరే ఐగినా, పోరోస్, హైడ్రా దీవులు తిరుగు, అది కూడా జూన్‌లోనో సెప్టెంబర్‌లోనో. కుక్కర్, కందిపప్పు పట్టుకెళ్లు, రోజూ ఎనిమిది మంది తవెర్నాలో, అంటే అక్కడి హోటల్లో, తింటే కిట్టీ మూడో రోజుకే ఖాళీ. బియ్యం మాత్రం రేవులో ఉన్నప్పుడే కడుగు, ట్యాంకులో నీళ్లు కొంచెమే.

మొన్న జూన్‌లో మా రెండు కుటుంబాలం ఆ అయోనియన్ వైపే లెఫ్కడ నుంచి ఇథాకా దీవికి వెళ్లొచ్చాం. డిపాజిట్‌లో ఒక్క సెంటు కోత లేదు.