ఐవరీనా, బూడిద ఛాయ ఆఫ్‌వైటా?

పర్లాకిమిడి ఇంట్లో ఉత్తరం కిటికీ గదికి ఐవరీ (లేత పసుపు ఛాయ తెలుపు) వేయాలా, బూడిద ఛాయ ఆఫ్‌వైట్ వేయాలా అని అడిగారు, రెండూ రంగుల కార్డు మీద ఒకేలా ఉన్నాయన్నారు కదండీ. రెండింటినీ తెల్ల కాగితం పక్కన పెట్టండి, పసుపేదో బూడిదేదో వెంటనే తేలిపోతుంది. ఉత్తరపు వెలుతురు కాస్త నీలంగా ఉంటుంది, అందులో బూడిద ఛాయ మబ్బు పట్టినట్టు చప్పబడుతుంది. నా ఓటు ఐవరీకే.

అయితే మీది ఎర్ర గచ్చు. ఆ ఎరుపు గోడ కింది భాగం మీద పడి ఐవరీని గులాబీగా చూపిస్తుంది. పాత రంగు మీద నేరుగా పూసి చూడొద్దు, కన్ను మోసపోతుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్కలకు ప్రైమర్ (అడుగు పూత) కొట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో రంగు, మధ్యలో 4 గంటలు ఆరనిచ్చి రెండేసి పూతలు వేయండి. గచ్చుకు ఆనించి ఒకసారి, కిటికీ ఎదురు గోడకు ఒకసారి నిలబెట్టి పగలూ రాత్రీ చూడండి. బల్బు 6500 కెల్విన్‌దైతే (తెల్లటి వెలుగు) 3000ది (పసుపు వెలుగు) పెట్టి కూడా చూడాలి. గోడ చెమ్మ ఆరకముందే మాత్రం రంగు వేయించకండి, పొక్కులు లేస్తాయి.