కలపొద్దు, తలుపు తియ్యొద్దు

చిట్టితల్లీ,

నిన్న ఫోన్‌లో మీ డిష్‌వాషర్ మోతకి నీ మాట సగమే వినపడింది. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్ళి వస్తూ దారిలో ఒక పెట్టె పీచ్ పళ్ళు కొన్నారు, అవన్నీ ఒక్కసారే మెత్తబడుతున్నాయి, శనివారం మీ అత్తగారూ మామగారూ దిగుతున్నారు, ఆవిడ గుడ్డు ముట్టరు. "పెద్దమ్మా, అట్లాంటాలో చేసిపెట్టేదానివే, ఆ కాబ్లర్ ఎలాగో చెప్పు" అన్నావు. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే సగం చదివి సగం వదిలేస్తావని ఇలా ఉత్తరం రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

ముందు ఓవెన్ తలుపు తీసి లోపలేముందో చూడు. నవ్వకు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఓవెన్ అంటే బాణళ్ళూ పెనాలూ దాచుకునే అలమరే కదా. నేను ఈ దేశం వచ్చిన కొత్తల్లో లోపల చూడకుండా 350కి తిప్పి స్నానానికి పోయాను. పప్పుల డబ్బాల ప్లాస్టిక్ మూతలు పదో పన్నెండో లోపలే ఉన్నాయి. అవి కరిగి ర్యాక్ మీంచి తీగలు తీగలుగా కారాయి, పొగ అలారం కొట్టింది, పై వాటాల వాళ్ళంతా మెట్లు దిగొచ్చి నిలబడ్డారు. ఆ ర్యాక్ గోకడానికి మూడు రోజులు పట్టింది. మీ పెదనాన్న ఇప్పటికీ నేను ఓవెన్ దగ్గరికి వెళ్తే "మూతలు తీశావా?" అంటారు.

కాబ్లర్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. తియ్యటి పళ్ళ ముక్కలు, వాటితో కలిసి ఉడికిన పిండి, అంతే. వెనకటి రోజుల్లో ఇక్కడివాళ్ళు మందపాటి ఇనప కుండలో చేసి, మూత మీద కూడా నిప్పులు పోసేవారట, మన దమ్ బిర్యానీకి పోసినట్టు. ఇందులో మూడు నాలుగు తరహాలున్నాయి. బిస్కెట్ పిండి ముద్దలు (ఇక్కడ బిస్కెట్ అంటే మెత్తటి బన్ను లాంటిది) పైన పెట్టేవాళ్ళున్నారు, "పై" అనే వంటకానికి కలిపే పిండి వత్తి పరిచేవాళ్ళున్నారు. మా ఎదురింటి పెద్దావిడ, ఆవిడది జార్జియాలోనే మేకన్ దగ్గర ఊరు, చపాతీలా వత్తి పట్టీలు కోసి అల్లినట్టు పరిచేది. నేను చేసే జారుపిండి కాబ్లర్ చూసి "ఇది కాబ్లర్ కాదమ్మా, కేకు" అని వెక్కిరించేది. వెక్కిరిస్తూనే రెండోసారి పెట్టించుకునేది. 1859లో అచ్చయిన ఒక అమెరికన్ మాటల నిఘంటువులో కాబ్లర్ అంటే మందంగా పిండి పరిచిన కుండలో పళ్ళు పెట్టి కాల్చేది అనే ఉంది. ఆ లెక్కన ఆవిడే గెలిచింది. కానీ నీకు పిండి వత్తే పని వద్దు. పైగా జారుపిండి దాంట్లో గుడ్డు లేదు. మీ అత్తగారికి ఏ అనుమానం లేకుండా పెట్టొచ్చు.

ఇక పళ్ళు. అసలు పనంతా ఇక్కడే ఉంది. జార్జియాని పీచ్ స్టేట్ అంటారు గానీ పంట ఎక్కువ పండేది కాలిఫోర్నియాలో, ఆ తర్వాత సౌత్ కరోలినాలో. ఈ మాట ఇక్కడ ఎవరి ముందూ అనకు, మనసు నొచ్చుకుంటారు. మీ టెక్సస్ కొండప్రాంతం పళ్ళు కూడా మంచివే. మే నెలలో మొదట వచ్చేవి గింజకి అతుక్కుని ఉంటాయి, కోస్తే చేతిలో నుజ్జయిపోతాయి. జూన్ సగం దాటాక వచ్చేవి రెండు చెక్కలుగా తిప్పితే గింజ విడిపోతుంది. నీ పెట్టెలోవి ఏవో ఒకటి కోసి చూసుకో. ఎర్రగా ఉంది కదా అని పండినట్టు కాదు. ఆ ఎరుపు ఎండకి వచ్చిన రంగు. దాని వెనక ఆకుపచ్చ పోయి పసుపు తిరగాలి, తొడిమ దగ్గర ముక్కు పెడితే వాసన రావాలి. రాకపోతే కాగితం సంచిలో వేసి రెండు రోజులు బయట ఉంచు. పచ్చివి ఫ్రిజ్‌లో పెట్టావో, పిండి పిండిగా తయారవుతాయి. తెల్ల పీచ్‌లు తినడానికి బాగుంటాయి, వాటిలో పులుపు తక్కువ. కాబ్లర్‌కి పసుపువే కావాలి.

ఆరు మధ్యరకం పళ్ళు చాలు, ఇంచుమించు రెండు పౌన్లు. కోసిన ముక్కలు నాలుగు కప్పులవ్వాలి. తొక్క తియ్యడానికి పీలర్‌తో కుస్తీ పట్టకు. పండు అడుగున కత్తితో చిన్న ఇంటూ గుర్తు గీసి, మరిగే నీళ్ళలో అర నిమిషం, గట్టిగా ఉంటే నిమిషం ఉంచి, ఐసు నీళ్ళలో వెయ్యి. బొటనవేలితో తోస్తే తొక్క జారిపోతుంది. చిన్నప్పుడు మీ అమ్మమ్మ బాదంపప్పు తొక్క తీసేది చూడు, అచ్చం అలాగే. ముక్కలు సన్నగా కొయ్యకు, వేలంత లావుండాలి.

ఆ ముక్కల్లో అర కప్పు పంచదార, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి పొయ్యి మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచు. పంచదార కరిగి రసం ఊరితే దించెయ్. అర కప్పు అన్నాను గానీ ముందు ఒక ముక్క నోట్లో వేసుకో. పండే తియ్యగా ఉంటే పావు కప్పు చాలు. వాసనకి ఇక్కడివాళ్ళు దాల్చినచెక్క పొడి వేస్తారు, ఎదురింటావిడ జాజికాయ గీరేది. నేను యాలకుల పొడి పావు చెంచా వేస్తాను. అంతకు మించితే పీచ్ పోయి పాయసం వాసనొస్తుంది. పళ్ళు మరీ మెత్తబడి నీరు ఎక్కువ వదిలితే ఒక పెద్ద చెంచా కార్న్‌స్టార్చ్, అదే మన కార్న్‌ఫ్లోర్, నిమ్మరసంలో కలిపి పొయ్యి మీద ఉండగానే పోసేయ్. అప్పటికీ రసం అర కప్పు దాటి మిగిలిందా, కాస్త తీసి పక్కన పెట్టు, మర్నాడు మీ ఆయన పాన్‌కేకుల మీదకి పనికొస్తుంది.

పిండి లెక్క నోటికొచ్చేంత సులువు: కప్పు మైదా, కప్పు పాలు, కప్పు పంచదార, ఒక స్టిక్ బటర్, అంటే అర కప్పు. పంచదార నేను ముప్పావు కప్పే వేస్తాను. అర కప్పు కంటే మాత్రం తగ్గించకు, పైన ఎర్రబడి కరకరలాడేది దానివల్లే. మైదా కొలిచేటప్పుడు కప్పుతో సంచిలో తవ్వి తియ్యకు, గట్టిగా కూరుకుపోయి పిండి ఎక్కువ పడుతుంది. చెంచాతో కప్పులో వేసి పైన కత్తితో చదును చెయ్యి. అందులో ఒకటిన్నర చిన్న చెంచాలు బేకింగ్ పౌడర్, పావు చెంచా ఉప్పు. సంచి మీద ఏం రాసుందో చదువు. ఇక్కడ దక్షిణాదిలో సెల్ఫ్ రైజింగ్ పిండి ఎక్కువ వాడతారు, అందులో బేకింగ్ పౌడరూ ఉప్పూ ముందే ఉంటాయి. నేనొకసారి చూసుకోకుండా అదే తెచ్చి, మళ్ళీ బేకింగ్ పౌడర్ కూడా వేశాను. అది పొంగి ఓవెన్ అడుగంతా కారింది, మిగిలింది తింటే సబ్బు నాకినట్టుంది. ఇంకో మాట, బేకింగ్ సోడా వేరు, పౌడర్ వేరు. మీ అమ్మ వంటసోడా అనేది సోడా. అది వెయ్యకు.

పాలు ఫ్రిజ్‌లోంచి తీసి గంటసేపు బయట పెట్టు. ఎందుకో చెప్తాను. పొడివన్నీ కలిపి పాలు పోసి గరిటెతో కలపాలి. మినప దోశ పిండి కంటే పలచగా, రవ్వ దోశ పిండి కంటే చిక్కగా ఉండాలి. చిన్న చిన్న ఉండలు మిగిలితే మిగలనీ. ఉండలు పోయేదాకా గిలక్కొడితే మైదా పరోటా పిండిలా సాగుతుంది, కాబ్లర్ రబ్బరులా వస్తుంది.

ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి వేడెక్కాక, ఎనిమిది తొమ్మిది అంగుళాల చదరపు పాత్ర, రెండంగుళాల లోతుది, అందులో బటర్ స్టిక్ ముక్కలు చేసి వేసి ఓవెన్‌లో పెట్టు. నాలుగైదు నిమిషాల్లో కరుగుతుంది. అక్కడే నిలబడు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే మాడి నల్లబడుతుంది. పాత్ర బయటికి తీసి పొడి గుడ్డ మీద పెట్టు. తడి గట్టు మీద పెడితే గాజు పగలొచ్చు. ఫ్రిజ్ పాలు వద్దన్నది కూడా అందుకే: వేడి గాజులో చల్లటి పిండి పోస్తే గాజుకి ముప్పు, బటర్ కూడా గడ్డకడుతుంది.

ఇప్పుడు కరిగిన బటర్ మీద పిండి మెల్లగా పొయ్యి. పిండి మీద పళ్ళ ముక్కలు గరిటెతో అక్కడక్కడా వేసి, రసం పైన తిప్పి పొయ్యి. అంతే, ఆపు. కలపకు.

మళ్ళీ చెప్తున్నాను, కలపకు. బటర్ అంచుల్లో తేలుతూ, పిండి మధ్యలో ముద్దలా, పళ్ళు ఎటో పోతూ, చూస్తే ఏదో తేడాగా ఉంటుంది. మన చెయ్యి ఊరుకోదు, గరిటె పట్టుకున్న ప్రతి తెలుగింటి ఆడదానికీ అడుగంటుతుందేమో అన్న బెంగే. నేను మొదటి రెండుసార్లూ కలిపేశాను, అడుగున తడి ముద్ద, పైన బటర్ మడుగు మిగిలాయి. నువ్వు వదిలేస్తే దాని పని అదే చేసుకుంటుంది. వేడికి పిండి పొంగి పళ్ళ సందుల్లోంచి పైకొస్తుంది, పళ్ళు కిందికి దిగుతాయి, బటర్‌లో వేగిన అంచు దిబ్బరొట్టె అంచులా ఎర్రగా కరకరలాడుతుంది. మా ఇంట్లో ఆ మూలల ముక్క కోసమే గొడవ. మీ ఇంట్లో ఎవరికి పెట్టాలో నీకు చెప్పక్కర్లేదు, అత్తగారికే.

కింది ర్యాక్ మీద ఒక ట్రే పెట్టి, మధ్య ర్యాక్ మీద పాత్ర ఉంచు. పొంగితే ట్రేలో పడుతుంది, ఓవెన్ కడిగే పని తప్పుతుంది. బటన్ బేక్ మీదే ఉందా చూసుకో, బ్రాయిల్ మీద ఉంటే పైనుంచే వేడి తగిలి మాడిపోతుంది. ఇంచుమించు యాభై నిమిషాలు పడుతుంది. మొదటి అరగంట తలుపు తియ్యకు, లోపలి లైటు వేసుకుని అద్దంలోంచి చూడు. అరగంట దాటాక పైన ముందే ఎర్రబడితే అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పు.

అయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, గడియారాన్ని నమ్మకు, బుడగల్ని నమ్ము. మొదట్లో రసం నీళ్ళ బుడగల్లా గబగబా వస్తుంది, ఉడికాక పాకం బుడగల్లా బరువుగా, నిదానంగా వస్తుంది. అంచుల్లోనే కాదు, మధ్యలో కూడా అలా రావాలి. పాత్ర కొంచెం కదిపితే మధ్య భాగం తొణకకూడదు. కత్తి పిండి ఉన్న చోట గుచ్చితే పచ్చిపిండి అంటకూడదు. పళ్ళ రసం అంటితే ఫర్వాలేదు. అనుమానంగా ఉంటే ఇంకో అయిదు నిమిషాలు ఉంచు. ఎక్కువైతే అంచు గట్టిపడుతుంది, అంతే. తక్కువైతే మాత్రం ఎవరూ తినలేరు.

తీసిన వెంటనే వడ్డించకు, పళ్ళ రసం నాలుక కాలుస్తుంది. అరగంట ఆగితే రసం చిక్కబడి ముక్క నిలుస్తుంది. శనివారం వాళ్ళు భోజనానికి కూర్చునే ముప్పావుగంట ముందు ఓవెన్‌లో పెట్టు. పప్పు, కూర, పెరుగన్నం అయ్యి చేతులు కడుక్కునేసరికి సరిగ్గా గోరువెచ్చగా ఉంటుంది. పక్కన వెనిలా ఐస్‌క్రీమ్ పెట్టు. కొన్నిటిలో గుడ్డు పచ్చసొన ఉంటుంది, డబ్బా మీద చదివి తీసుకో. ఇంత జాగ్రత్తా పడి చివర్లో ఐస్‌క్రీమ్ దగ్గర దొరికిపోకు.

పెట్టెలో మిగిలిన పళ్ళు తొక్క తీసి కోసి, ట్రేలో విడివిడిగా పరిచి ఫ్రీజ్ చేసి సంచిలోకి ఎత్తుకో. చలికాలంలో అవే వాడొచ్చు, ముందు ఐసు కరగనిచ్చి నీరు వంపు. డబ్బా పీచ్‌లైనా ఫర్వాలేదు, ఆ పాకం వంపేసి పంచదార తగ్గించు. మీ అమ్మ గుంటూరులో ఓటీజీ కొన్నదిగా, తనూ అడుగుతోంది. బంగినపల్లి ముక్కలతో చెయ్యమను, ఓటీజీలో 175 డిగ్రీల సెల్సియస్ చాలు, నిమ్మరసం రెండింతలు పిండమను. రసాలతో మాత్రం వద్దు, వాటిని పిసుక్కుని తినడమే న్యాయం.

మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే అంచు మెత్తబడిపోతుంది, ఓవెన్‌లోనే పది పదిహేను నిమిషాలు పెట్టు. మీ పెదనాన్న అయితే పొద్దున్నే కాఫీతో చల్లగానే తినేస్తారు, షుగర్ మాత్ర వేసుకున్నాక.

అన్నట్టు, కొత్త పాత్ర కొనకు. నువ్వు ఎమ్మెస్ అయి డాలస్ వెళ్ళేటప్పుడు పులిహోర పెట్టిచ్చిన చదరపు గాజుపాత్ర ఉంది చూడు, అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో నా పేరు మొదటి అక్షరం ఉంటుంది, అది సరిగ్గా ఈ కొలతకే సరిపోతుంది. దీపావళికి వచ్చేటప్పుడు తీసుకురా. ఖాళీగా తేకు.

మీ పెద్దమ్మ