పిల్లల వార్డులో నర్సుగా చేరబోతున్న మా చిట్టితల్లికి: బరువును బట్టి మందు లెక్క

చిరంజీవి చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీకు పిల్లల వార్డులో డ్యూటీ పడిందని, సంతోషంగానే ఉన్నా మందుల లెక్క తలచుకుంటే నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ భయం కొంత ఉండవలసిందే, దాన్ని పూర్తిగా పోగొట్టడం నా ఉద్దేశం కాదు. పెద్దల వార్డులో జ్వరం మాత్ర అంటే ఇంచుమించు అందరికీ ఒకటే మాత్ర. పిల్లల వార్డులో ఒక మంచం మీద రెండున్నర కేజీల పసిగుడ్డు, పక్క మంచం మీద నలభై కేజీల పిల్లవాడు ఉంటారు, ఇద్దరికీ మనం అదే వయల్ (ఇంజెక్షన్ మందు సీసా) నుంచి మందు లాగుతాం. మోతాదు నిర్ణయించేది డాక్టరుగారే అయినా సిరంజిలోకి ఎక్కించేది నీ చేయి కనుక, ప్రతి లెక్కనూ నీ అంతట నువ్వు ఇంకోసారి చేసి చూసుకోవాలి.

లెక్క కష్టమైనది కాదు. కేజీకి ఇన్ని మిల్లీగ్రాములు అన్నదాన్ని పిల్లవాడి బరువుతో గుణించడం బడిపిల్లలకు కూడా వచ్చు. నా సర్వీసులో చూసిన పొరపాట్లలో గుణకారం తప్పినవి చాలా తక్కువ. లెక్క మొదలుపెట్టక ముందే బరువు తప్పుగా ఉండటమో, లెక్క అయిపోయాక మిల్లీగ్రాములను మిల్లీలీటర్లలోకి మార్చేటప్పుడు సీసా మీది బలం, అంటే ఎన్ని మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందన్నది, చూడకపోవడమో, ఈ రెండు చోట్లే ఎక్కువగా దెబ్బ తగిలింది.

ముందు బరువు సంగతి చెబుతాను. "మావాడు పన్నెండు కేజీలుంటాడమ్మా" అని తల్లి చెప్పిన మాటను కేస్ షీటులో ఎక్కించకు. ఆమె అబద్ధం చెప్పదు, కానీ ఆ పన్నెండు కేజీలు అంగన్‌వాడీలో ఎప్పుడో తూచినవి కావచ్చు, ఆ తరువాత పిల్లవాడికి రెండుసార్లు విరేచనాలు పట్టుకుని ఉండవచ్చు. చేరిన వెంటనే నువ్వే తూచు. తూకం యంత్రం సున్నా చూపిస్తోందో లేదో చూసుకుని, పసిపిల్లలైతే బట్టలు, తడిసిన డైపరు తీసేసి తూచాలి. పిల్లవాడు ఏడ్చి నిలబడకపోతే తల్లిని ఎత్తుకోమని ఇద్దరినీ కలిపి తూచి, ఆపైన తల్లి బరువు తీసివేయడం మనందరం చేసేదే, నడిచే పిల్లల విషయంలో అది ఫరవాలేదు. కానీ పెద్దల యంత్రం అర కేజీ అటూ ఇటూ చూపిస్తే, రెండున్నర కేజీల శిశువుకు ఆ తేడా బరువులో అయిదో వంతు అవుతుంది కాబట్టి నవజాత శిశువులను శిశువుల తూకం మీదే, గ్రాములతో సహా తూచాలి. బరువు పక్కన తేదీ తప్పకుండా వేయి. వారం రోజులుగా వార్డులో ఉన్న పిల్లవాడికి మొదటి రోజు బరువుతోనే లెక్కలు వేస్తూ పోవడం మనకున్న చెడ్డ అలవాట్లలో ఒకటి.

మూర్ఛతోనో, రక్తప్రసరణ పడిపోయి షాక్‌లోనో వచ్చిన పిల్లవాడిని తూచడానికి వ్యవధి ఉండదు. అప్పుడు వయసును బట్టి అంచనా వేసే సూత్రం నర్సింగ్ స్కూల్లో నీకు నేర్పే ఉంటారు. మూడు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు వయసు నెలలకు తొమ్మిది కలిపి సగం చేయడం, ఏడాది నుంచి ఆరేళ్ల వరకు వయసును రెండుతో గుణించి ఎనిమిది కలపడం. ఆ లెక్కన మూడేళ్ల పిల్లవాడు పద్నాలుగు కేజీలు ఉండాలి. అయితే ఆ సూత్రం చెప్పేది బాగా ఎదిగిన పిల్లవాడు ఎంత ఉండాలన్నదే కానీ, నీ ఎదుట ఉన్నవాడు ఎంత ఉన్నాడన్నది కాదు. మన ప్రభుత్వాసుపత్రి వార్డులో పది కేజీల ఎనిమిది వందల గ్రాముల మూడేళ్ల పిల్లలను నువ్వు వారానికొకరిని చూస్తావు, వాళ్లకు పద్నాలుగు కేజీల లెక్కన ఇస్తే మందు నూటికి ముప్పై వంతులు ఎక్కువ పడుతుంది. కాబట్టి అంచనా బరువు రాసినప్పుడు పక్కన "అంచనా" అని రాసి, పిల్లవాడు కుదుటపడగానే తూచి దిద్దు.

ఇక సీసా మీది బలం. పారాసెటమాల్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ చులకనగా చూసే మందు అదే. మోతాదుకు కేజీకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకు నాలుగు మోతాదులకు మించకుండా, రోజు మొత్తంలో కేజీకి 60 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తాం. తొమ్మిది కేజీల పాపకు 15 చొప్పున 135 మిల్లీగ్రాములు. ఇప్పుడు ఆ 135 మిల్లీగ్రాములు 5 మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్‌లో 5.4 మిల్లీలీటర్లు, 250 ఉన్న సిరప్‌లో 2.7 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 100 ఉన్న డ్రాప్స్‌లో 1.35 మిల్లీలీటర్లు అవుతాయి. ఒకే పాప, ఒకే మందు, మూడు కొలతలు. పోయినసారి డాక్టరుగారు "ఒక చెంచా" అన్నారు కదా అని ఆ తల్లి ఇంట్లో ఉన్న డ్రాప్స్ సీసా నుంచి 5 మిల్లీలీటర్ల చెంచా నిండా పోసిందనుకో, 500 మిల్లీగ్రాములు, అంటే కేజీకి 55కు పైగా, రోజంతా కలిపి ఇవ్వదగినదంతా దాదాపు ఒక్క గుక్కలో పడిపోతుంది. అందుకే డిశ్చార్జి నాడు "చెంచా" అనే మాటే వాడకు. సీసాను తల్లి చేతిలో పెట్టి, సిరంజి మీద గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి, ఒకసారి ఆమె చేతనే నీళ్లతో కొలిపించు.

ఇది బోధించే అర్హత నాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. సర్వీసులో చేరిన తొలి ఏళ్లలో, ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉండగా ఏడు కేజీల బాబుకు రోజుకొకసారి అమికాసిన్ అనే యాంటీబయాటిక్ రాశారు, కేజీకి 15 చొప్పున 105 మిల్లీగ్రాములు. మా వార్డుకు ఎప్పుడూ 2 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములుండే వయళ్లు వచ్చేవి కనుక, నాలుగు రోజులుగా 2.1 మిల్లీలీటర్లు లాగి ఇస్తూనే ఉన్నాము. ఆ రాత్రి స్టోరు నుంచి వచ్చిన పెట్టెలో 500 మిల్లీగ్రాముల వయళ్లున్నాయి, అవీ 2 మిల్లీలీటర్లవే. చూడ్డానికి అదే ఎత్తు, మూత రంగు మాత్రం వేరు. నేను చేతి అలవాటు కొద్దీ ఒక వయల్ మొత్తం లాగి, రెండో దాని నుంచి ఇంకో చుక్క లాగి, ఖాళీ వయల్‌ను పారేసే ముందు మా సిస్టర్‌గారు నేర్పిన ప్రకారం మూడోసారి లేబులు చదివాను. ఇవ్వవలసింది 0.42 మిల్లీలీటర్లు, నా సిరంజిలో ఉన్నది దానికి అయిదు రెట్లు, మూత్రపిండాలనూ వినికిడినీ దెబ్బతీసే మందు. సూది బాబు దాకా పోలేదు కానీ, ఆ తరువాత గంటసేపు నా చేతులు వణికాయి. మందు తీసేటప్పుడు, సిరంజిలోకి లాగేటప్పుడు, వయల్ పక్కన పెట్టేటప్పుడు లేబులు చదవాలన్నది పరీక్ష కోసం చదివిన పాఠమని అంతవరకు అనుకునేదాన్ని.

అందుకని చార్టులో ఎప్పుడూ ముందు మిల్లీగ్రాములు రాయి, దాని తరువాతే మిల్లీలీటర్లు, ఏ వయల్ అన్నది కూడా పక్కన. "అమికాసిన్ 2.1 మిల్లీలీటర్లు" అని మాత్రమే రాస్తే రేపు పొద్దున వచ్చే సిస్టర్‌కు నువ్వు గొయ్యి తవ్వినట్టే. చుక్క విషయంలోనూ జాగ్రత్త: సగం మిల్లీలీటరును .5 అని కాకుండా 0.5 అని రాయి, అయిదును 5.0 అని రాయకుండా 5 అని రాయి. చుక్క మసకబారితే మొదటిది 5గానూ, రెండోది 50గానూ కనపడతాయి.

ఎమర్జెన్సీలో ఈ పదింతల పొరపాటే ప్రాణం మీదికి తెస్తుంది. అడ్రినలిన్ యాంపూల్‌లో 1 మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటుంది. ఇంజెక్షన్ వికటించి ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చిన పిల్లవాడికి తొడ కండరంలో ఆ మందునే నీళ్లు కలపకుండా కేజీకి 0.01 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తాం, పన్నెండు కేజీలకు 0.12 మిల్లీలీటర్లు. గుండె ఆగిన పిల్లవాడికి నరంలో ఇచ్చేటప్పుడు మాత్రం అదే యాంపూల్‌ను సెలైన్‌తో పది మిల్లీలీటర్లు చేసి, కేజీకి 0.1 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 1.2 మిల్లీలీటర్లు. మిల్లీగ్రాములు రెంటిలోనూ సమానమే, మారేది పలచన. పలచన చేసిన సిరంజి మీద వెంటనే ప్లాస్టరు అంటించి రాయకపోతే, హడావుడిలో రెండు సిరంజిలు ఒకే ట్రేలో పడ్డప్పుడు ఏది ఏదో ఎవరికీ తెలియదు.

0.12 మిల్లీలీటర్లు కొలవడానికి దగ్గర్లో ఉందని ఇన్సులిన్ సిరంజి తీసుకోకు. మన దగ్గర ఎర్ర మూత 40 యూనిట్ల సిరంజి, నారింజ మూత 100 యూనిట్ల సిరంజి రెండూ దొరుకుతాయి. నారింజ దాంట్లో 12వ గీత 0.12 మిల్లీలీటర్లే, కానీ ఎర్ర దాంట్లో అదే 12వ గీత 0.3 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరు ట్యూబర్కులిన్ సిరంజి ఎమర్జెన్సీ ట్రేలో రెండైనా ఉండేలా ఇండెంటులో (స్టోరుకు పంపే చీటీలో) రాయించు.

"రోజుకు" అన్న మాటనూ "మోతాదుకు" అన్న మాటనూ కలగాపులగం చేయకు. సెఫ్ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను మెదడు పొరల వాపుకు (మెనింజైటిస్‌కు) కేజీకి రోజుకు 100 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా రాస్తే, పది కేజీల పిల్లకు పూటకు 500 మిల్లీగ్రాములే, వెయ్యి కాదు. అలాగే పెద్ద పిల్లల విషయంలో గుణకారం ఒక చోట ఆగిపోవాలి. 45 కేజీల అబ్బాయికి ఇదే లెక్కన నాలుగున్నర గ్రాములు వస్తాయి, కానీ రోజుకు నాలుగు గ్రాములు మించకూడదు. కేజీ లెక్కలో వచ్చిన అంకె పెద్దవాళ్ల గరిష్ఠ మోతాదును దాటితే డాక్టరుగారిని అడగకుండా సూది ముట్టకు.

కొన్ని మందులకు ఎంత అన్నదే కాక ఎంతసేపట్లో అన్నది కూడా బరువే నిర్ణయిస్తుంది. మూర్ఛకు ఫెనిటోయిన్ కేజీకి 20 మిల్లీగ్రాములు, పది కేజీలకు 200, అంటే 2 మిల్లీలీటర్ల యాంపూల్స్ రెండు. దాన్ని గ్లూకోజులో కాక సాధారణ సెలైన్‌లోనే కలిపి, నిమిషానికి కేజీకి ఒక మిల్లీగ్రాముకు మించని వేగంతో, ఇరవై నిమిషాలకు తగ్గకుండా, గుండె కొట్టుకోవడం చూస్తూ ఎక్కించాలి. అటెండర్లు చుట్టూ చేరి తొందరపెడతారు, నువ్వు గడియారం వైపే చూడు.

లెక్క పూర్తయ్యాక ఇంకొక పని చెయ్యి. కాగితం మూసి, సిరంజిలోని మందును కంటితో చూడు. ఒక్క పిల్లవాడికి ఒక్క పూటకు రెండు మూడు వయళ్లు విప్పవలసి వస్తోందంటే అక్కడే ఆగు. నిజంగానే అంత కావలసి రావచ్చు, ఫెనిటోయిన్‌కు రెండు యాంపూల్స్ పట్టాయి కదా, కానీ ఆ రాత్రి రెండో వయల్ మూత తీసినప్పుడే నాకు అనుమానం రావలసింది. ఇంకొక సిస్టర్ చేత సరిచూయించేటప్పుడు నీ జవాబు ఆమెకు చెప్పకు. బరువూ, మందూ చెప్పి, లెక్క ఆమెను వేయమను. "0.42, సరిగ్గానే ఉందా అక్కా?" అని అడిగితే ఎవరైనా ఊఁ అనేస్తారు. రాత్రి మూడింటికి హౌస్ సర్జన్‌ను లేపి అడిగితే విసుక్కోవచ్చు, విసుక్కోనీ, పొద్దున్నే మరిచిపోతారు.

మొదటి వారంలో నీకొక పని అప్పగిస్తున్నాను. మీ వార్డు స్టోరు అలమారలో అమికాసిన్, జెంటామైసిన్, పారాసెటమాల్ ఏయే బలాల్లో ఉన్నాయో, పక్కపక్కన ఒకేలా కనిపించేవి ఏమేమిటో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకో. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు చదివి వినిపించు, మనిద్దరం కలిసి నాలుగైదు లెక్కలు వేద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ