ఇల్లు చేరాను, ఇంట్లో ఇమడలేకపోతున్నాను

ప్రశ్న: నా వయసు 49. వ్యాపార నౌకల్లో సీమన్‌గా ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. తొమ్మిది నెలలు సముద్రం, రెండు మూడు నెలలు ఇల్లు. ఇక చాలనుకుని గత ఏడాది విశాఖపట్నం వచ్చేశాను. ఇంట్లో నా మాట చెల్లదు. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి, నేను ఎదురుగా ఉన్నా కాలేజీ సంగతులన్నీ వాళ్లమ్మకే చెబుతుంది. ఏదైనా సరిదిద్దబోతే గొడవ. నౌకలో పన్నెండు–నాలుగు వాచ్ (కాపలా డ్యూటీ) అలవాటు పోక అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తోంది. మొన్న నా భార్య ‘మళ్లీ ఎప్పుడు షిప్పు ఎక్కుతారు?’ అంది. ఏజెంటు ఫోను చేస్తున్నాడు. వెళ్లిపోమంటారా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ శ్రీమతి మాటను మీరు ‘వెళ్లిపోండి’ అన్నట్టుగా తీసుకున్నారు. నాకు అలా అనిపించలేదు. పెళ్లయిన నాటి నుంచి ఆమె మీ రాకపోకలను నెలల్లో లెక్కపెట్టుకుంది. మీరు సైన్ ఆఫ్ అయి, అంటే నౌకలో పని ముగించుకుని దిగి, గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే మళ్లీ ఎప్పుడు వెళ్లేదీ ఇంచుమించుగా తెలిసిపోయేది. ఈసారి ఆ లెక్క లేదు. మీరు ఉంటారని నమ్మి మనసు కుదుటపరచుకోవాలా, మళ్లీ ఒంటరితనానికి సిద్ధపడాలా అన్నది ఆమెకు తెలియాలి కదా. ముందు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పండి.

సెలవులో మీరు చూసిన ఇల్లు వేరు. చుట్టాలు, చాక్లెట్లు, సెంట్లు, రోజూ చేపల పులుసు. మిగతా తొమ్మిది నెలల ఇంటిని మీరు చూడలేదు. గ్యాసు బండ అయిపోతే వెతుక్కోవడం, ఫీజు గడువు దాటకుండా డబ్బు సర్దడం, పిల్లకు అర్ధరాత్రి జ్వరం వస్తే ఒక్కతే ఆటో కోసం రోడ్డు మీద నిలబడటం, మీ వైపు పెళ్లిళ్లకు వెళ్లి మీ పేరు మీద చదివింపులు ఇచ్చి రావడం. మీరు లేకపోయినా నడిచేలా ఆమె ఆ ఇంటిని తీర్చిదిద్దుకుంది. అందుకే మీరు సముద్రం మీద నిశ్చింతగా ఉండగలిగారు. ఇప్పుడు మీకు చోటు లేదనిపించడంలో ఆమె తప్పు ఏమీ లేదు. చోటు చేసుకోవలసింది మీరే.

కొత్త నౌక ఎక్కిన రోజే తాళ్లు ఇలా చుట్టకూడదని డెక్కు పనివాళ్ల పెద్ద అయిన బోసన్‌తో వాదించేవారా? ముందు అక్కడ పని ఎలా నడుస్తోందో చూసుకునేవారు. ఇంట్లోనూ అంతే. ఒక సాయంత్రం ఆమె దగ్గర కూర్చుని ఏ పని ఎప్పుడు, ఎలా చేస్తోందో అడిగి తెలుసుకోండి. వింటున్నంతసేపూ సలహాలు ఇవ్వకండి. తర్వాత రోజూ చేయవలసిన పని ఒకటి పూర్తిగా మీ మీద వేసుకోండి. పొద్దున్నే అమ్మాయిని కాలేజీ దగ్గర దింపే పనైతే మరీ మంచిది. దారిలో మార్కుల ఊసు, ఫోను ఊసు ఎత్తకండి. ఆ పిల్ల నోరు విప్పకపోయినా నొచ్చుకోకండి. నాన్న రేపు కూడా ఉంటాడన్న నమ్మకం ఆమెకు కుదరడానికి నెలలు పట్టవచ్చు. పైగా పబ్లిక్ పరీక్షల ఏడాది, మందలింపులు అసలే వద్దు.

నిద్ర సంగతి. అన్నేళ్లు అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా మేల్కొన్న శరీరం ఒక్కసారిగా దారికి రాదు. పగటి నిద్ర మానేయండి. రాత్రి ఎలా గడిచినా రోజూ ఒకే వేళకు లేచి, ఎండలో కాసేపు నడవండి. దిగులు, విసుగు రెండు వారాలకు మించి వదలకపోతే వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఏజెంటు. డబ్బు అవసరమై, ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకుని వెళ్లాలనుకుంటే వెళ్లండి, అందులో తప్పు లేదు. ఇంట్లో ఊపిరాడక మాత్రం సంతకం పెట్టకండి. తొమ్మిది నెలల తర్వాత ఇదే ఇంటికి, ఇంకాస్త కొత్తవారిగా వస్తారు. అమ్మాయి పరీక్షలు అయ్యేదాకా ఏ మాటా ఇవ్వలేనని అతనికి చెప్పండి. ఈలోగా పోర్టు, షిప్‌యార్డు చుట్టుపక్కల పని వాకబు చేయండి. నౌకలో వచ్చినంత జీతం రాకపోవచ్చు, సాయంత్రానికి ఇంటికి చేరతారు. ఏజెంటుకు చెప్పబోయే మాటను ముందుగా మీ శ్రీమతికి చెప్పండి.