పాత విమానానికి రంగు కలపడం గురించి అల్లుడికి

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మీ చిన్న విమానం సెస్నా 172కి ఎడమ తలుపు కింద రంగు పెచ్చులు లేచిందనీ, కొత్త తెలుపు పూస్తే పాత చొక్కాకి కొత్త మాసిక వేసినట్టు ఉందనీ అన్నావు. ఫోన్లో చెప్తే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నా.

తెలుపంతా ఒకటే అనుకోవద్దు. ముగ్గుపిండి తెలుపు వేరు, నామం తెలుపు వేరు, వెన్న తెలుపు వేరు. విమానాల రంగుల్లో వెస్టల్ వైట్ ఒకటి, మ్యాటర్‌హార్న్ వైట్ ఇంకొకటి. రెండూ తెలుపే, పక్కపక్కన పెడితే రెండూ కలవవు. ముందు ఎడమ తలుపు ముందరి స్తంభం దగ్గర చిన్న రేకు కోసం వెతుకు. ఫినిష్ అండ్ ట్రిమ్ అనీ, పక్కన రంగు కోడూ దాని మీద ఉంటాయి. ఆ కోడ్ పట్టుకుని పార్ట్స్ క్యాటలాగ్ చూస్తే ఫ్యాక్టరీలో వేసిన రంగు పేరు తెలుస్తుంది. కానీ ఆ పేరు మీదే డబ్బా తెప్పించేసుకోకు. పాత 172ల తయారీని 1986లోనే ఆపేశారు. మీది అంతకు ముందుది కాబట్టి, ఇన్నేళ్లలో ఒకసారైనా మళ్లీ రంగు వేసి ఉండొచ్చు. విమానానికి చేసిన పనులు రాసే లాగ్‌బుక్కుల్లో పాత పేజీలు తిరగెయ్యి. రంగు వేసినప్పుడు రాసిన పద్దు ఉంటే సగం పని తీరినట్టే. మళ్లీ వేయలేదనుకున్నా, ఎండకి మాడిన రంగు ఫ్యాక్టరీ రంగులా ఉండదు. నువ్వు కలపాల్సింది ఈరోజు విమానం మీద ఉన్న రంగుతో.

విమానం ఎగరని రోజు చూసి, రెక్క కింద, లోపల తనిఖీ చేయడానికి పెట్టిన గుండ్రటి ఇన్‌స్పెక్షన్ మూతల్లో ఒకటి మీ ఇంజనీరుకి చెప్పి విప్పించు. మూత తీసి ఉందని విమానానికి చీటీ కట్టండి, స్క్రూలు ఒక కవర్లో వేసి పేరు రాయండి. ఒక తిరకాసు ఉంది. రెక్క కిందికి ఎండ తగలదు, అందుకే ఆ మూత మీద రంగు తలుపు మీదున్న దానికంటే తాజాగా ఉంటుంది. కాబట్టి తలుపు దగ్గర అరచెయ్యంత తావు శుభ్రంగా కడిగి, రబ్బింగ్ కాంపౌండుతో పాలిష్ చేసి, మూతని దాని పక్కన పెట్టి చూడు. పాలిష్ చేయకుండా చూస్తే నువ్వు కలిపేది రంగుతో కాదు, దాని మీద పేరుకున్న సున్నం లాంటి పొడితో. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పాలిష్ తర్వాత రెండూ కలిస్తే ఆ మూత సంచిలో వేసుకుని శనివారం తిరుపతికి రా. కలవకపోతే తలుపు దగ్గర పెచ్చు లేచిన చోట గోరంత రంగు ముక్క ఊడదీసి, ప్లాస్టిక్ కవర్లో తీసుకురా.

కార్ల రంగులు కలిపే షాపుల్లో రంగుని కొలిచే మిషను, స్పెక్ట్రోఫోటోమీటర్, ఉంటుంది. రూపాయి బిళ్లంత చదునైన తావు చాలు దానికి. మూడు చోట్ల చదివించు, మూడూ దగ్గరగా రాకపోతే ఇంకా మురికి ఉన్నట్టు. మిషను ఇచ్చేది మొదటి లెక్క మాత్రమే. రేకు ముక్క మీద స్ప్రే చేయించి, ఆరాక, పొద్దున ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడు. ట్యూబ్‌లైటు కింద కలిసిన రంగు ఎండలో విడిపోవడం మామూలే. తడి రంగుని చూసి తల ఊపొద్దు. కుంచెతో పూసిందీ, స్ప్రే చేసిందీ ఒకే డబ్బాలోవైనా ఒకేలా కనిపించవు. ఎలా వేస్తావో అలాగే నమూనా వేయించు.

షాపులో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోటు వేస్తారు, వాళ్లు అడక్కుండానే ఆ రకమే కలుపుతారు. పాత విమానాల తెలుపు మామూలుగా ఒకే పూత, మెరుపు దాంట్లోనే ఉంటుంది. క్లియర్ అక్కర్లేని రకం కావాలని చెప్పు. లేకపోతే సుద్దముక్కలా మెరుపు లేకుండా ఆరుతుంది.

షాపు నుంచి తెచ్చుకోవాల్సింది షేడు, నమూనా రేకు. విమానం మీద వేసే డబ్బా ఏదన్నది మెయింటెనెన్స్ మాన్యువల్ చూసి ఇంజనీరు చెప్పాలి. బ్యాచ్ నంబరు, కాలపరిమితి, సర్టిఫికెట్ ఉన్న డబ్బా విమాన సామాను అమ్మేవాళ్ల దగ్గర కొనండి, నమూనా పంపితే దానికి కలిపి ఇస్తారు. ఇది మండే సరుకు, గాల్లో పార్సిల్ పంపడం తేలిక కాదు, టైము పెట్టుకోండి. నువ్వు చెప్పిన పెచ్చులకి 100 మిల్లీలీటర్లు బోలెడు. లీటరు కొంటే మిగతాది డబ్బాలోనే గడ్డకడుతుంది.

డబ్బా తెరిచే ముందు పాత రంగు ఏ జాతిదో తేల్చుకో. ఎక్కడా అగపడని చోట తెల్లగుడ్డకి రవ్వంత లాకర్ థిన్నర్ తడిపి రుద్దు. రంగు కరిగి గుడ్డకి అంటితే లాకర్. మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే హార్డెనర్ (రంగుని గట్టిపరిచే మందు) కలిపి వేసే పాలియురెథేన్. ఎనామెల్ మీద లాకర్ వేస్తే కింది పొర ఉడికినట్టు లేచిపోతుంది. అద్దాల దగ్గర మాత్రం థిన్నర్ గుడ్డ పట్టుకుపోవద్దు. అవి గాజు కాదు, యాక్రిలిక్. ఆవిరి తగిలినా సన్నటి పగుళ్లు వస్తాయి.

పెచ్చు కింద అల్యూమినియం కనబడుతుంటే వంటింటి స్టీల్ పీచు తగిలించొద్దు. దాని ముక్కలు అల్యూమినియంలో గుచ్చుకుని అక్కడే తినడం మొదలుపెడతాయి. పెన్సిల్‌తో గుర్తులూ పెట్టొద్దు, గ్రాఫైట్ కూడా అదే పని చేస్తుంది. పై పొర పలుచటి స్వచ్ఛమైన అల్యూమినియం, కింద ఉన్న మిశ్రలోహానికి అదే కాపు. గరుకు ఎమరీ కాగితంతో అది గీసేస్తే కాపు పోయినట్టే. 400 నంబరు తడి కాగితం చాలు. తర్వాత తుప్పు పట్టకుండా పూసే మందు అలోడైన్, కడుగుడు, ఆరాక రంగు కింద వేసే అడుగు పూత ఎపాక్సీ ప్రైమర్. అలోడైన్‌లో క్రోమేట్ విషం, చేతొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. అలోడైన్‌కి ముందు నీళ్లు పోసి చూడు. నీటి పొర విడిపోకుండా అర నిమిషం నిలిస్తే జిడ్డు పోయినట్టు, చుక్కలు చుక్కలుగా విడిపోతే మళ్లీ కడుగు. రంగు కింద వానపాముల్లా సన్నటి గీతలు కనబడితే అది తుప్పు. దాని మీద పూయకుండా ఇంజనీరుని పిలువు.

గుండుసూది తలంత పెచ్చులకి అగ్గిపుల్ల మొనతో చుక్క పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ చుక్క. పెద్ద పెచ్చయితే రేకు మధ్యలో ఆపొద్దు. రేకు అతుకు దాకానో, రివెట్ల వరస దాకానో, రంగు చార అంచు దాకానో తీసుకుపో. అక్కడ రవ్వంత తేడా ఉన్నా కన్ను పట్టుకోదు.

మన ఊళ్ల ఎండలో మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. రేకు పెనంలా కాలుతుంటుంది, స్ప్రే చేసిన రంగు గాల్లోనే ఆరి ఇసక పట్టినట్టు పడుతుంది. పొద్దున్నే షెడ్డు నీడలో, నిదానంగా ఆరే థిన్నర్‌తో చెయ్యి. కార్తీక మాసం వానల్లో లాకర్ వేస్తే తేమ పట్టి పాలిపోతుంది. హార్డెనర్ కలిపిన రంగులో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది, మూతికి కట్టుకున్న గుడ్డ దాన్ని ఆపదు. స్ప్రే పని బయటి గాలి అందించే మాస్కు ఉన్న షెడ్డుకే వదిలెయ్యి.

ఇక చెయ్యి పెట్టకూడని చోట్లు. ఎయిలెరాన్, ఎలివేటర్, రడ్డర్, అంటే విమానాన్ని తిప్పడానికి రెక్కల వెనకా తోక దగ్గరా కదిలే పలకలు. వీటిని బరువు సరిచూసి బిగిస్తారు. కీలుకి వెనక రంగు బరువు పెరిగితే వేగంలో అవి కొట్టుకోవడం మొదలుపెట్టొచ్చు, అది రెక్కనో తోకనో విరిచేయగలదు. రంగు వేశాక విప్పి, బరువు మాన్యువల్ హద్దుల్లో ఉందో లేదో తూచాలి. సొంతంగా రంగు వేసుకోవడానికి పైలట్లకి వీలిచ్చే అమెరికా నియమం కూడా వీటిని మినహాయించింది. మన దగ్గర ఎలాగూ ఇంజనీరు సంతకం కావాలి. ప్రొపెల్లర్‌కీ అంతే, అంచులో నొక్కు పడితే దాన్ని రంగుతో కప్పొద్దు. మీటర్లకి గాలి ఒత్తిడి అందించే స్టాటిక్ రంధ్రాలు, పిటో గొట్టం, నీరు కారే చిల్లులు, ఇంధన ట్యాంకుకి గాలి అందించే గొట్టం, ఇవన్నీ టేపుతో కప్పి, పని అయ్యాక ఎన్ని టేపులు వేశావో అన్నీ లెక్కపెట్టి తీసెయ్యి. స్టాటిక్ మీద ఒక్క టేపు మరిచినా ఎత్తు, వేగం చూపే మీటర్లు తప్పు చెప్తాయి.

మిగిలిన రంగు చిన్న గాజు సీసాలో నిండుగా పోసి, షేడు లెక్క, తేదీ సీసా మీదే రాయి. నమూనా రేకు లాగ్‌బుక్కుతో పాటు పెట్టు. రెక్క మూత తెచ్చేటప్పుడు రంగు గీసుకోకుండా పాత లుంగీలో చుట్టు.

ఇట్లు,
మీ మామ